పది పాసయ్యాక ఏ కాగితం, ఏ కొలువు? – పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పదో తరగతి ఫలితాల తర్వాత వచ్చిన ఉత్తరాల్లో చాలామటుకు 'ఏ కోర్సు మంచిది?' అనే అడుగుతున్నాయి. ఆ ప్రశ్నను కొంచెం మార్చి అడగమని మా విన్నపం. కోర్సు అయిపోయిన రోజున పిల్లల చేతికి వచ్చే సర్టిఫికెట్ ఏది? దాన్ని ఇచ్చేది ఎవరు? ఏ ఉద్యోగ ప్రకటన దాన్ని పేరు పెట్టి అడుగుతుంది? ఈ మూడూ తేలితే మిగతా సందేహాలు చాలావరకు వాటంతట అవే తీరతాయి. కింది జవాబులన్నీ ఈ లెక్కలోనే రాశాం. తేదీలు, ఫీజులు ఏటా మారుతుంటాయి కాబట్టి దరఖాస్తు చేసేముందు ఆ ఏటి ప్రకటన తప్పకుండా చదవండి.

ప్రశ్న: మా అబ్బాయికి పదిలో 412 మార్కులు వచ్చాయి. చేతిపని అంటే ఇష్టం, ఇంట్లో ఫ్యాను చెడిపోయినా మోటారు కాలినా వాడే విప్పి కూర్చుంటాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేర్చాలా, పాలిటెక్నిక్‌లో ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్ ఇంజినీరింగ్) చేర్చాలా? ఐటీఐ అంటే బంధువులు చిన్నచూపు చూస్తున్నారు.
*– ఒక తండ్రి, మాచర్ల*

జవాబు: బంధువుల మాట పక్కన పెట్టండి. ఈ రెండు చదువులూ రెండు వేర్వేరు ఉద్యోగాల వరసలకు తీసుకెళ్తాయి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది అనుకోవడం దగ్గరే చాలామంది దెబ్బతింటున్నారు.

ఐటీఐ ఎలక్ట్రీషియన్ రెండేళ్ల ట్రేడు. పదిలో గణితం, సైన్సు చదివి ఉండాలి. ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కుల మీదే విడతల వారీగా సీట్లు ఇస్తారు. చివర్లో ఆలిండియా ట్రేడ్ టెస్ట్ పాసైతే జాతీయ వృత్తి శిక్షణ మండలి (ఎన్‌సీవీటీ) పేరు మీద నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ఈ పరీక్షలో ప్రాక్టికల్‌కు 60 శాతం రావాలి, మిగతా పేపర్లకు 33 శాతం చాలు. అంటే రెండేళ్లూ వర్క్‌షాపులో చెయ్యి ఆడించనివాడు థియరీ ఎంత బట్టీపట్టినా తప్పుతాడు. మీవాడి స్వభావానికి ఇది అనుకూలమే.

ఈ సర్టిఫికెట్‌ను అడిగే ఉద్యోగాలు చూడండి. విద్యుత్ పంపిణీ సంస్థల్లో జూనియర్ లైన్‌మన్, ఆంధ్రప్రదేశ్ సచివాలయాల్లో ఎనర్జీ అసిస్టెంట్ పోస్టులకు ఎలక్ట్రికల్ లేదా వైర్‌మన్ ఐటీఐ కావాలి (ఇంటర్ ఒకేషనల్‌లో ఎలక్ట్రికల్ చదివినా చెల్లుతుంది). వీటికి స్తంభం ఎక్కే పరీక్ష ఉంటుంది. రాతపరీక్షలో ముందున్నవాళ్లు చాలామంది అక్కడ ఆగిపోతారు. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ ఉద్యోగాలూ ఉన్నాయి. డిప్లొమా పైచదువే కదా, ఐటీఐ ఉద్యోగాలకు కూడా పనికొస్తుందిలే అనుకుంటారు గానీ, రైల్వే 2024లో ఇచ్చిన టెక్నీషియన్ గ్రేడ్-3 ప్రకటనలో ఐటీఐ గానీ అప్రెంటిస్‌షిప్ గానీ ఉండాల్సిందేనని, వాటికి బదులుగా ఇంజినీరింగ్ డిప్లొమా చెల్లదని స్పష్టంగా ఉంది.

లోకో పైలట్ ఆశ ఉంటే ఇప్పుడే కంటి డాక్టరుకు చూపించండి. ఆ ఉద్యోగానికి అద్దాలు లేకుండా రెండు కళ్లకూ 6/6 చూపు ఉండాలి, రంగులు సరిగ్గా గుర్తుపట్టాలి, లేసర్ ఆపరేషన్ చేయించుకుని ఉండకూడదు. పిల్లవాడికి ఇప్పటికే కళ్లజోడు ఉంటే ఆ ఒక్క ఉద్యోగాన్ని లెక్కలోంచి తీసేసి మిగతావి చూసుకోండి.

పదిహేనేళ్లకు పది పాసైనవాడికి పదిహేడుకల్లా ఐటీఐ అయిపోతుంది. ఉద్యోగ ప్రకటనలేమో 18 నిండాలంటాయి. ఆ మధ్య ఏడాది అప్రెంటిస్‌షిప్‌కు సరిగ్గా సరిపోతుంది. సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వే యాక్ట్ అప్రెంటిస్‌లను (అప్రెంటిస్ చట్టం కింద స్టైపెండ్‌తో పని నేర్చుకునేవారిని) పరీక్ష లేకుండా తీసుకుంటుంది. పది మార్కుల శాతం, ఐటీఐ మార్కుల శాతం కలిపి సగటు కట్టి జాబితా వేస్తారు. పదిలో కనీసం 50 శాతం ఉండాలి, వయసు 15 నుంచి 24 మధ్య ఉండాలి. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్, రామచంద్రాపురం బీహెచ్‌ఈఎల్, సింగరేణి, ఆర్టీసీ డిపోలు కూడా తీసుకుంటాయి. స్టైపెండ్ విషయానికొస్తే, 2019లో సవరించిన నిబంధనలు ఐటీఐ చేసినవారికి మొదటి ఏడాది నెలకు కనీసం రూ.7,000, డిప్లొమా వారికి రూ.8,000 అన్నాయి. తాజా అంకె అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో ఉంటుంది. రైల్వేలో అప్రెంటిస్‌షిప్ పూర్తిచేసినవారికి లెవెల్-1 (అన్నిటికంటే కింది స్థాయి) నియామకాల్లో 20 శాతం పోస్టులు ప్రత్యేకిస్తున్నారు. ఒక్క ఏడాది ఓపిక పట్టినందుకు ఇది చిన్న లాభం కాదు.

ప్రైవేటు కంపెనీల్లో ఒక మోసం జరుగుతోంది. అప్రెంటిస్ అని చేర్చుకుని కాంట్రాక్టు కూలీ కింద రాసుకుంటారు. పోర్టల్‌లో మీ అబ్బాయి పేరు మీద అప్రెంటిస్ కాంట్రాక్టు నమోదై నంబరు వచ్చిందా లేదా అన్నది మొదటి నెలలోనే చూడాలి. నమోదు లేకపోతే ఏడాది చివర నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్ రాదు, చేసిన పనంతా కాగితం మీద సున్నా.

ఇక పాలిటెక్నిక్. మూడేళ్ల చదువు, పాలిసెట్ రాయాలి. డిప్లొమాతో రైల్వే జూనియర్ ఇంజినీర్, విద్యుత్ సంస్థల్లో సబ్ ఇంజినీర్, కంపెనీల్లో సూపర్‌వైజర్ స్థాయి ఉద్యోగాలు, ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో సీటు. కానీ మొదటి ఏడాది గణితం, ఫిజిక్స్ గట్టిగానే ఉంటాయి.

అందుకని మొత్తం 412 కంటే గణితంలో ఎన్ని వచ్చాయన్నది మాకు ముఖ్యం. 65, 70 దాటి ఉంటే, ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఈఈఈ సీటు దొరికితే అందులో చేర్చండి. గణితంలో అత్తెసరుగా గట్టెక్కి ఉంటే ఐటీఐ మేలు. రెండేళ్ల ట్రేడు మంచి మార్కులతో పూర్తిచేసినవారు ఆ తర్వాత డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. పేరు తెలియని ప్రైవేటు పాలిటెక్నిక్‌కూ ప్రభుత్వ ఐటీఐకీ మధ్య ఎంచుకోవాల్సి వస్తే మేం ఐటీఐ వైపే ఉంటాం. చేర్చేముందు ఒక పూట వెళ్లి వర్క్‌షాపు చూడండి. మోటారు వైండింగ్ బెంచీలు వాడుకలో ఉన్నాయా, త్రీఫేజ్ ప్యానెల్‌కు కరెంటు వస్తోందా, మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే పరికరం), మల్టీమీటర్లు పనిచేస్తున్నాయా, ఎలక్ట్రీషియన్ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా అని అడగండి. తెలంగాణ వాళ్లకు ఇంకో మాట: అక్కడ 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మారుస్తామని 2024లో ఒప్పందం చేసుకున్నారు. మీ దగ్గరి ఐటీఐ ఆ జాబితాలో ఉంటే అక్కడి కొత్త ట్రేడుల గురించి కూడా వాకబు చేయండి.

చేరేటప్పుడు పేరు, ఇంటిపేరు, పుట్టినతేదీ పది మెమోలో ఎలా ఉన్నాయో ఆధార్‌లోనూ అలాగే ఉండాలి. ఒక్క అక్షరం తేడా ఉన్నా ముందే ఆధార్ సరిచేయించండి. ఐటీఐ సర్టిఫికెట్ ఒక పేరుతో, మెమో ఇంకో పేరుతో ఉంటే ఉద్యోగం చేతికి వచ్చేవేళ, సర్టిఫికెట్ల పరిశీలనలో, చిక్కు వస్తుంది.

ప్రశ్న: ఐటీఐ వెల్డర్ ఈ ఏడే పూర్తయింది. మా ఊళ్లో చాలామంది దుబాయ్, ఖతార్‌లలో ఉన్నారు. ఏజెంటు లక్షా ఇరవై వేలు అడుగుతున్నాడు, ముందు విజిట్ వీసా మీద వెళ్లి అక్కడ మార్చుకోవచ్చంటున్నాడు. వెళ్లమంటారా?
*– ఒక యువకుడు, జగిత్యాల జిల్లా*

జవాబు: ఆ ఏజెంటుతో వద్దు. లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి దగ్గర తీసుకోగలిగే సర్వీసు చార్జీకి ప్రభుత్వం పెట్టిన పరిమితి రూ.30,000, దానిమీద జీఎస్టీ. అంతకు నాలుగు రెట్లు అడుగుతూ విజిట్ వీసా అంటున్నాడంటే, రేపు అక్కడ మీకు జీతం ఇవ్వకపోయినా దెబ్బ తగిలినా అడగడానికి మీ చేతిలో ఏ ఒప్పందమూ ఉండదు. ఏజెంటు లైసెన్సు నంబరు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో మీరే వెతికి చూడొచ్చు. తెలంగాణ ప్రభుత్వానికి విదేశీ ఉద్యోగాలకు పంపే టామ్‌కామ్ అనే సొంత సంస్థ ఉంది, మొదట అక్కడ పేరు నమోదు చేయించండి. ఆంధ్రప్రదేశ్ వారికి ఆమ్‌క్యాప్ ఉంది.

పాస్‌పోర్టు సంగతి చూసుకోండి. పది పాసైనవారు ఈసీఎన్‌ఆర్ కిందికి వస్తారు, అంటే గల్ఫ్‌కు వెళ్లడానికి ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (ఉద్యోగానికి దేశం దాటేముందు ప్రభుత్వం ఇచ్చే అనుమతి) అక్కర్లేదు. పది పాసవకముందే పాస్‌పోర్టు తీసి ఉంటే అందులో ఈసీఆర్ (క్లియరెన్స్ కావాలి) అని ఉండొచ్చు. పది మెమో పెట్టి మళ్లీ జారీకి దరఖాస్తు చేస్తే అది తీసేస్తారు. అయితే దీనికి రెండో వైపు ఉంది. ఈసీఆర్ పాస్‌పోర్టు వారి ఉద్యోగ ఒప్పందాన్ని క్లియరెన్స్ ఇచ్చేముందు అధికారులు చూస్తారు, ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద 10 లక్షల బీమా కూడా తప్పనిసరి. ఈసీఎన్‌ఆర్ వారి ఒప్పందాన్ని అలా చూసేవాళ్లు ఉండరు. కాబట్టి ఎంప్లాయిమెంట్ వీసా కాపీ, జీతం, డ్యూటీ గంటలు, వసతి, తిండి, తిరుగు టికెట్ ఎవరు పెట్టుకోవాలి అన్నవి రాసిన ఒప్పందం మీరే తీసుకుని, చదివి, ఒక కాపీ ఇంట్లో పెట్టి వెళ్లాలి.

ఇంతకంటే ముఖ్యమైన విషయం మీ చేతి నైపుణ్యం. ఏడాది ట్రేడు చేసినవారికి ప్లేటు మీద ఫ్లాట్ వెల్డింగ్ బాగానే వస్తుంది. గల్ఫ్‌లో మంచి జీతం ఇచ్చే ఆయిల్, గ్యాస్ పనులకు పైపు వెల్డర్లు కావాలి. వాళ్లు పెట్టే టెస్ట్ 6జీ: పైపును 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించి చుట్టూ వెల్డ్ చేయమంటారు. సాధారణంగా రూట్ (అడుగున వేసే మొదటి పొర) టిగ్ వెల్డింగ్‌తో, పైన ఫిల్లింగ్ (మిగతా పొరలు) ఇ7018 రాడ్‌తో వేయిస్తారు. తర్వాత ఎక్స్‌రే తీస్తారు, లేదా ముక్క కోసి వంచి చూస్తారు.

ఇందులో తప్పేవాళ్లు ఎక్కువగా మూడుచోట్ల తప్పుతారు. రూట్ గ్యాప్ (రెండు పైపుల అంచుల మధ్య సందు) సమంగా పెట్టుకోరు, దాంతో ఒకపక్క లోపలికి పూర్తిగా కరగదు, మరోపక్క కారిపోతుంది. ఇ7018 తక్కువ హైడ్రోజన్ రాడ్, గాలిలో తేమ పీల్చుకుంటుంది. డబ్బా విప్పి పక్కన పెట్టిన రాడ్లను ఓవెన్‌లో ఆరబెట్టకుండా వాడితే వెల్డ్‌లో సన్నటి రంధ్రాలు పడతాయి, ఎక్స్‌రేలో కనిపించేది అదే. మూడోది, పైపు కిందిభాగంలో రాడ్ కోణం మార్చుకోకుండా లాగడం వల్ల అంచు కోసుకుపోవడం. వీటిని సరిదిద్దుకోవడానికి నాలుగైదు నెలలు ఫ్యాబ్రికేషన్ షాపులో గానీ పైపింగ్ కాంట్రాక్టరు దగ్గర గానీ పైపుల మీదే పనిచేయాలి. హైదరాబాద్ చుట్టుపక్కల, విశాఖ తీరంలో ఇలాంటి పని దొరుకుతుంది.

వెల్డర్ క్వాలిఫికేషన్ ఒకసారి తెచ్చుకుంటే ఎప్పటికీ చెల్లుతుందనుకోకండి. పరిశ్రమలు పాటించే ఏఎస్ఎంఈ (అమెరికా మెకానికల్ ఇంజినీర్ల సంఘం) కోడ్ ప్రకారం ఆ పద్ధతిలో ఆరు నెలలు వెల్డింగ్ చేయకపోతే చెల్లుబాటు పోతుంది. అందుకే ఎన్ని రోజులు ఏ పద్ధతిలో పనిచేశారో కంపెనీ లెటర్‌హెడ్ మీద రాయించుకుంటూ ఉండండి. ఒక ఏడాది ఇక్కడ చేసి 6జీ చేతికి వచ్చాక వెళ్తే మీరు అడిగే జీతం వేరుగా ఉంటుంది. హెల్పర్‌గా వెళ్లినవాడిని అక్కడ ఎవరూ కూర్చోబెట్టి వెల్డర్‌ను చేయరు.

ప్రశ్న: పాలిసెట్ రాశాను. ఇంట్లో అందరూ కంప్యూటర్ బ్రాంచే తీసుకోమంటున్నారు. తెలుగు మీడియంలో చదివాను, డిప్లొమా ఇంగ్లిష్‌లో ఉంటుందని భయంగా ఉంది.
*– ఒక విద్యార్థిని, వనపర్తి*

జవాబు: బ్రాంచి ఎంచుకునేముందు డిప్లొమాతో ఆగుతారా, బీటెక్‌కు వెళ్తారా అన్నది ఇంట్లో మాట్లాడుకోండి. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఎక్కువగా డిగ్రీ అడుగుతాయి. అందువల్ల కంప్యూటర్ డిప్లొమా చాలామందికి ఈసెట్ దాకా నడిచే దారి మాత్రమే. మూడేళ్లకే సంపాదన కావాలంటే ఎలక్ట్రికల్, మెకానికల్, సివిల్ బ్రాంచీలకే ఎక్కువ ఉద్యోగ ప్రకటనలు డిప్లొమా పేరు పెట్టి వస్తాయి. మెకానికల్ ఆడపిల్లలకు కాదన్న మాట వినకండి. డిజైన్, క్వాలిటీ తనిఖీ, సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రాల) ప్రోగ్రామింగ్ విభాగాల్లో అమ్మాయిలు చక్కగా స్థిరపడుతున్నారు.

పాలిసెట్ గురించి, వచ్చే ఏడు రాసేవారి కోసం: తెలంగాణలో ఇంజినీరింగ్ డిప్లొమాకు లెక్కించేది 120 మార్కులు – గణితం 60, ఫిజిక్స్ 30, కెమిస్ట్రీ 30. బయాలజీ 30 విడిగా ఉంటుంది, అది వ్యవసాయ, పశువైద్య డిప్లొమాలకు. ఆంధ్రప్రదేశ్‌లో గణితం 50, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 30. రెండు చోట్లా అర్హతకు 30 శాతం అంటే 36 మార్కులు (ఎస్సీ, ఎస్టీలకు ఈ కనీస పరిమితి లేదు), తప్పు జవాబుకు మార్కు తెగదు. వెబ్ ఆప్షన్లు పెట్టేటప్పుడు నాలుగైదు కాలేజీలు రాసి ఆపేసేవాళ్లకు సీటు రాక రెండో విడత దాకా ఎదురుచూడాల్సి వస్తుంది. ఇష్టమైన వరసలో ఎన్ని వీలైతే అన్ని పెట్టండి. చేరని కాలేజీ మాత్రం జాబితాలో పెట్టకండి.

పాలిసెట్ పక్కనే రెండు కేంద్ర సంస్థలు ఉన్నాయి, వాటిని మన పిల్లలు పెద్దగా పట్టించుకోరు. హైదరాబాద్ బాలానగర్‌లో 1968లో పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ పది పాసైనవారికి సొంత ప్రవేశ పరీక్ష పెట్టి టూల్, డై, మౌల్డ్ మేకింగ్‌లో (పనిముట్లు, అచ్చుల తయారీలో) నాలుగేళ్ల డిప్లొమా ఇస్తుంది. యంత్రాల మీద పని ఎక్కువ ఉంటుంది, ఫీజు కూడా ప్రభుత్వ పాలిటెక్నిక్ కంటే ఎక్కువ. హైదరాబాద్, విజయవాడల్లో ఉన్న సిపెట్ ప్లాస్టిక్స్ టెక్నాలజీ, ప్లాస్టిక్ మౌల్డ్ టెక్నాలజీల్లో మూడేళ్ల డిప్లొమాలు నడుపుతోంది. సీసా మూత నుంచి కారు బంపరు దాకా మౌల్డింగ్ యంత్రం మీదే తయారవుతాయి కాబట్టి ఈ చదువు తెలిసినవారు కావలసిన పరిశ్రమలు చాలా ఉన్నాయి.

ఇంగ్లిష్ భయం మొదటి మూడు నెలలదే. పాఠం పూర్తిగా ఇంగ్లిష్‌లో రాయగలగాలని కూర్చోకండి. ప్రతి సబ్జెక్టుకు ఒక నోటుపుస్తకం పెట్టి, ఆ రోజు విన్న పదాలు పది పదిహేను ఇంగ్లిష్‌లో రాసి ఎదురుగా తెలుగులో అర్థం రాసుకోండి. బోర్డు పాత ప్రశ్నపత్రాలు ఐదేళ్లవి తీసుకుంటే చిన్న ప్రశ్నలు మళ్లీ మళ్లీ వస్తుండటం మీకే తెలుస్తుంది. నిర్వచనాలు, బొమ్మలు, సూత్రాలు రాయగలిగితే పాసు మార్కులకు భాష అడ్డురాదు.

నిజంగా బ్యాక్‌లాగ్ మిగిల్చేది ఇంజినీరింగ్ డ్రాయింగ్. షీట్లు పక్కవాళ్లవి చూసి గీసేస్తారు, పరీక్షలో కొత్త వస్తువు ఇచ్చేసరికి దాన్ని ముందునుంచి, పైనుంచి, పక్కనుంచి చూస్తే ఎలా ఉంటుందో ఊహకు రాదు. ఒక బంగాళాదుంపనో సబ్బు బిళ్లనో ప్రశ్నలోని ఆకారంలో కోసి, మూడు వైపుల నుంచి ఒంటికంటితో చూసి గీయడం అలవాటు చేసుకోండి. నెల తిరిగేసరికి చేతికి వస్తుంది. గీతల బరువు కూడా మార్కులే: వస్తువు అంచులకు ముదురు గీత, కొలతలకు, ప్రొజెక్షన్లకు సన్న గీత. ఒకే పెన్సిల్‌తో అన్నీ గీస్తే షీటు సరైనదైనా మార్కులు తగ్గుతాయి.

హాజరు 75 శాతం ఉండాలి. డాక్టరు సర్టిఫికెట్‌తో 65 దాకా మినహాయింపు దొరుకుతుంది, అంతకు తగ్గితే పరీక్ష రాయనివ్వకుండా డిటెయిన్ చేస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా హాజరుతోనే ముడిపడి ఉంది. పండగకు ఊరెళ్లి పది రోజులు ఆగిపోవడం సెమిస్టర్ విధానంలో ఖరీదైన పని. చివర్లో వచ్చే పారిశ్రామిక శిక్షణను సంతకాల కోసం కాకుండా నిజమైన ఫ్యాక్టరీలో చేయండి. మొదటి ఉద్యోగం చాలామందికి అక్కడే దొరుకుతోంది.

ఈసెట్ 200 ప్రశ్నలు: బ్రాంచి సబ్జెక్టు 100, గణితం 50, ఫిజిక్స్ 25, కెమిస్ట్రీ 25. గణితం, సైన్సు మొదటి ఏడాది పాఠాల నుంచే ఎక్కువ వస్తాయి కాబట్టి ఆ పుస్తకాలు అమ్మేయకండి.

ప్రశ్న: మా అమ్మాయి జిల్లా పరిషత్ బడిలో చదివి 548 మార్కులు తెచ్చుకుంది. బాసర ట్రిపుల్ ఐటీకి పంపమని టీచర్లు, కార్పొరేట్ కాలేజీలో ఎంపీసీ చేర్చమని మా తమ్ముడు. ఏది మేలు?
*– ఒక తల్లి, ఆసిఫాబాద్*

జవాబు: బాసరకు ముందు దరఖాస్తు చేయండి, తర్వాత ఆలోచించండి. బాసర ట్రిపుల్ ఐటీ అసలు పేరైన ఆర్‌జీయూకేటీకి ప్రవేశ పరీక్ష లేదు, పది మార్కులే ఆధారం. ప్రభుత్వ బడుల పిల్లలకు కొంత వెయిటేజీ కలుపుతారు (జీపీఏ ఉన్న రోజుల్లో అది 0.4). మార్కులు సమానమైతే ముందు గణితం, తర్వాత సైన్సు చూస్తారు. 2008లో ఈ విశ్వవిద్యాలయాన్ని పెట్టిందే గ్రామీణ విద్యార్థుల కోసం.

అక్కడి చదువు ఆరేళ్లది: రెండేళ్లు పీయూసీ, నాలుగేళ్లు బీటెక్. పీయూసీ ఇంటర్‌కు సమానం కాబట్టి రెండేళ్ల తర్వాత బయటికి రావాలనుకున్నా కాగితం చేతిలో ఉంటుంది. బ్రాంచి పీయూసీ మార్కులను బట్టి వస్తుంది, ఇది చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. సీటు వచ్చేసింది కదా అని మొదటి రెండేళ్లు వదిలేసిన పిల్లలు ఇష్టమైన బ్రాంచి పోగొట్టుకుంటారు. ఇంటికి దూరంగా హాస్టల్లో సొంతంగా చదువుకునే అలవాటు కావాలి, రోజూ వెంటబడి చదివించేవాళ్లు ఉండరు. మీ అమ్మాయి బడి నుంచి వచ్చి తనంతట తాను పుస్తకం తీసే రకమైతే కార్పొరేట్ కాలేజీ ఫీజు అప్పు చేయాల్సిన పని లేదు. డాక్టరు కావాలన్న ఆశ ఉంటే మాత్రం ఇది దారి కాదు, బైపీసీ చూడండి.

జాబితా వచ్చేదాకా ఖాళీగా ఉంచకండి. గురుకుల జూనియర్ కాలేజీలోనో, కస్తూర్బాలోనో, ప్రభుత్వ జూనియర్ కాలేజీలోనో చేర్చి ఉంచండి. ప్రైవేటు కాలేజీలో చేరిస్తే ఒక షరతు ముందే అడగాలి: బాసర సీటు వస్తే టీసీ, మెమో వెంటనే తిరిగి ఇస్తారా, కట్టిన ఫీజులో ఎంత తిరిగి వస్తుంది? కాగితం మీద రాసిస్తేనే డబ్బు కట్టండి. నాలుగు నుంచి పది వరకు స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే మీసేవలో, బడిలో తీసి పెట్టుకోండి. కౌన్సెలింగ్ పిలుపు వచ్చాక పరుగెత్తేవాళ్లకు ఎక్కువగా ఆగిపోయేది ఆదాయం సర్టిఫికెట్ దగ్గర.

ప్రశ్న: గణితంలో 27 వచ్చి తప్పాను. మిగతావన్నీ పాస్. బయటికి వెళ్లాలంటే సిగ్గుగా ఉంది. ఇంకేదైనా పని నేర్చుకోవాలా?
*– ఒక విద్యార్థి, పార్వతీపురం*

జవాబు: ఒక్క సబ్జెక్టు, ఎనిమిది మార్కులు. దీనికి బడి మానేయాల్సిన పని లేదు, తలదించుకోవాల్సిన పని అంతకన్నా లేదు. కొద్ది వారాల్లోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంటుంది, ఫీజు గడువు చాలా తక్కువ రోజులు ఇస్తారు కాబట్టి హెడ్మాస్టరు గారిని ఈ రోజే కలవండి. రూ.500 కడితే రీకౌంటింగ్, రూ.1,000 కడితే రీవెరిఫికేషన్. మీకు 32, 33 వచ్చి ఉంటే ప్రయత్నించమనేవాళ్లం. 27కి ఆ డబ్బు పెట్టకండి, ఆ ఆశ మీద చదువు ఆపకండి.

ఈ వారాల్లో పుస్తకమంతా చదవాలని చూడకండి. సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత, వాస్తవ సంఖ్యలు, రేఖీయ సమీకరణాల గ్రాఫు – ఈ పాఠాల లెక్కలు ఒక పద్ధతిలో సాగుతాయి, రోజుకు మూడు గంటలు చేస్తే 35 దాటడానికి చాలు. చూసి చదవకుండా, పుస్తకం మూసి కాగితం మీద చేయండి. తెలిసినంత మెట్లు రాసినా మార్కులు వస్తాయి కాబట్టి ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకండి.

సప్లిమెంటరీ పాసైతే అదే ఏడాది ఇంటర్‌లోనూ ఐటీఐ తర్వాతి విడతల్లోనూ చేరొచ్చు. ఒకవేళ మళ్లీ తప్పినా, ఎనిమిదో తరగతి అర్హతతో వైర్‌మన్, వెల్డర్ వంటి ఐటీఐ ట్రేడులు ఉన్నాయి. వాటిలో చేరినా పది మాత్రం వదలకండి, ఓపెన్ స్కూల్లోనైనా పూర్తిచేయండి. ఐటీఐ ఉండి పది లేనివారికి రైల్వేలో టెక్నీషియన్, లోకో పైలట్ ఉద్యోగాలకు అర్హత ఉండదు, పాస్‌పోర్టు ఈసీఆర్ కింద వస్తుంది.

ప్రశ్న: మాకు ఆరెకరాల మెట్ట ఉంది. మా పాపను వ్యవసాయ పాలిటెక్నిక్‌లో చేర్చాలని ఉంది.
*– ఒక రైతు, కదిరి*

జవాబు: ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వ్యవసాయ డిప్లొమా రెండేళ్లది, వ్యవసాయ ఇంజినీరింగ్ మూడేళ్లది. ఒకటి నుంచి పది తరగతుల్లో కనీసం నాలుగేళ్లు మున్సిపాలిటీ కాని గ్రామీణ ప్రాంతంలో చదివి ఉండాలన్నది ముఖ్యమైన షరతు. మీ పాపను కదిరి పట్టణంలోనే చదివించి ఉంటే ముందు ఇది లెక్క చూసుకోండి. తెలంగాణలో ఇవే సీట్లు పాలిసెట్ ద్వారా వస్తాయి.

ఈ డిప్లొమాతో గ్రామ వ్యవసాయ సహాయకుల పోస్టులకు అర్హత వస్తుంది. విత్తన కంపెనీల క్షేత్ర ఉద్యోగాలు, పురుగుమందుల దుకాణం లైసెన్సుకు కావలసిన చదువు కూడా ఇదే. అయితే డిప్లొమా నుంచి బీఎస్సీ అగ్రికల్చర్‌కు వెళ్లడానికి అగ్రిసెట్ రాయాలి, సీట్లు కొద్దిగానే ఉంటాయి. పాప మనసు బీఎస్సీ మీదే ఉంటే బైపీసీ చదివి ఈఏపీసెట్ రాయడమే వెడల్పాటి దారి. రెండేళ్లకే జీతం, సొంత పొలం మీద పట్టు కావాలంటే డిప్లొమాలో చేర్చండి.

ప్రశ్న: ఒక సంస్థ వాళ్లు పది తర్వాత ఏడాది ఫైర్ అండ్ సేఫ్టీ డిప్లొమా, 65 వేలు, వంద శాతం ఉద్యోగం అంటున్నారు. సగం ముందే కట్టమంటున్నారు.
*– ఒక అన్న, శ్రీకాకుళం జిల్లా*

జవాబు: కట్టకండి. ముందు వాళ్లను అడగాల్సింది ఒక్కటే: సర్టిఫికెట్ మీద ఎవరి ముద్ర ఉంటుంది? పాలిటెక్నిక్ అయితే అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఏఐసీటీఈ) అనుమతి, రాష్ట్ర సాంకేతిక విద్యా మండలి అనుబంధం ఉండాలి. ఐటీఐ అయితే ఎన్‌సీవీటీ గుర్తింపు, అది కూడా ఆ ట్రేడుకు, ఆ ఏడాదికి. నైపుణ్య కోర్సు అయితే నైపుణ్య శిక్షణను నియంత్రించే కేంద్ర మండలి ఎన్‌సీవీఈటీ గుర్తించిన సంస్థ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి. గోడ మీద ఐఎస్‌వో బోర్డు, ఏదో ట్రస్టు రిజిస్ట్రేషన్ నంబరు చూపిస్తే అవి చదువుకు గుర్తింపు కావు.

ఫ్యాక్టరీల్లో చట్టం అడిగే సేఫ్టీ ఆఫీసరు కావాలంటే ఇంజినీరింగ్ డిగ్రీ లేదా డిప్లొమా, కొన్నేళ్ల అనుభవం, ఆపైన ప్రభుత్వం గుర్తించిన పారిశ్రామిక భద్రతా డిప్లొమా ఉండాలి. పది మీద ఏడాది కోర్సు చేసినవారికి దొరికేది ఎక్కువగా సైట్‌లో హెల్మెట్లు తనిఖీ చేసే సహాయకుడి పని. దానికి 65 వేలు అక్కర్లేదు. తమ్ముడికి వెంటనే పని కావాలంటే గ్రామీణాభివృద్ధి శాఖ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన (డీడీయూజీకేవై) కింద ఉచిత వసతితో ఇచ్చే శిక్షణల గురించి మీ మండల వెలుగు కార్యాలయంలో అడగండి.

ప్రశ్న: పదిలో 582 వచ్చాయి. పోస్టాఫీసు ఉద్యోగానికి పది మార్కులే చాలంటున్నారు, నిజమా?
*– ఒక విద్యార్థిని, సూర్యాపేట*

జవాబు: నిజమే. గ్రామీణ డాక్ సేవక్ నియామకానికి పరీక్ష లేదు, పది మార్కుల మీదే జాబితా వేస్తారు. గణితం, ఇంగ్లిష్ పాసై, స్థానిక భాష పది వరకు చదివి ఉండాలి, సైకిల్ తొక్కడం, కంప్యూటర్ రావాలి. కానీ వయసు 18 నుంచి 40, మీకు ఇంకా రెండేళ్లు ఆగాలి. ఆ రెండేళ్లలో ఇంటర్ చదవండి, పది మార్కులు ఎక్కడికీ పోవు. ఇది రోజుకు నాలుగైదు గంటల పని. బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు మొదటి భత్యం రూ.12,000, సహాయ బ్రాంచ్ పోస్ట్‌మాస్టర్‌కు రూ.10,000, పైన డీఏ. రెగ్యులర్ ఉద్యోగం కాదు. చేరినవాళ్లు శాఖాపరమైన పరీక్షలు రాసి ఎంటీఎస్ (మల్టీ టాస్కింగ్ స్టాఫ్), పోస్ట్‌మన్ పోస్టులకు వెళ్తున్నారు. దరఖాస్తులో ఏ బ్రాంచి ఆఫీసులు కావాలో వరసగా పెట్టమంటారు. సొంత మండలంలోవే కావాలని రెండు మూడు పెట్టి ఊరుకున్నవాళ్లకు మంచి మార్కులున్నా పేరు రాదు. పక్క జిల్లా ఏజెన్సీ మండలాలవి కూడా, నిజంగా వెళ్లి ఉండగలిగితే, జాబితాలో చేర్చండి.